కొయ్యసుత్తి ఆగిన వేసవి

వెర్ఫోన్ ఊరివాళ్ళు మాటకీ మాటకీ మధ్య కాస్త ఆగుతారని లోయలోని ఊళ్ళవాళ్ళు మమ్మల్ని వెక్కిరిస్తారు. నిజమే, ఆగుతాం. ఆ సందు కొయ్యసుత్తిది. ఊరి పై అంచున, కాలువ మా పచ్చికల్లోకి దిగే చోట, నీళ్ళలో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. చక్రం తిరిగినప్పుడల్లా దాని పన్ను ఒక కొయ్యసుత్తిని పైకెత్తి, ఎండిన పలక మీద వదిలేస్తుంది. టక్. కాసేపటికి మళ్ళీ టక్. మంచు కరగడం మొదలైన నాటి నుంచి ఆకులు పండేదాకా ఆ చప్పుడు మా ఇళ్ళ మీదుగా నడుస్తూనే ఉంటుంది. అది వినిపించినంతసేపూ కాలువ క్షేమం. ఆగిందంటే ఎక్కడో గండి పడింది, లేదా ఎవడో నీళ్ళు దొంగిలించాడు. మూడో కారణం ఒకటి ఉంటుందని మా తాతలెవరూ చెప్పలేదు.

ఆ సుత్తిని ఆనుకునే ఒనెజిమ్ ఇల్లు. ఆయన మా ఊరి నీరటి. కాలువ కాయడం, ఎవరి వంతు వస్తే వాళ్ళ పచ్చికకి నీళ్ళు మళ్ళించడం ఆయన పని. పొట్టి మనిషి. కొండవాలు మీద పుట్టినవాళ్ళందరిలాగే, చదునైన నేల మీద నడిస్తే కాస్త తూలుతాడు.

మాది కొండ నడుముకి అతుక్కున్న ఊరు. కింద నది ఉంది. దాని తెల్లని వీపు రోజంతా కళ్ళ ముందే మెరుస్తుంది కానీ ఆ లోతులోంచి దోసెడు నీళ్ళయినా మాకు రావు. రావలసింది పైనుంచే. హిమానీనదం పాదాల దగ్గర పుట్టి, బండ చెంపన చెక్కిన దారిలో, అగాధం మీద వేలాడే పలకల మీదుగా, దేవదారు చీకట్లోంచి మా దాకా వస్తుంది కాలువ. దాన్ని తవ్వినవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తులేవు. వాళ్ళ ఉలిగాట్లు మాత్రం రాతి మీద ఉన్నాయి. వాన పడ్డప్పుడు అవి నల్లగా తడిసి, అప్పుడే చెక్కినట్టు కనిపిస్తాయి.

ఒనెజిమ్ కుర్రతనంలో పక్క లోయలో ఆనకట్ట కడుతుంటే, ఊళ్ళో మగవాళ్ళందరితో పాటు తనూ వెళ్ళి సొరంగాల్లో రాయి తొలిచాడు. ఒక వసంతంలో కాలువకి నీళ్ళు వదిలే రోజున, అప్పటి నీరటి అయిన వాళ్ళ నాన్న పలకల దారి మీంచి జారిపోయాడు. కొడుకు సొరంగంలోంచి బయటికి వచ్చి, అంత్యక్రియలు కానిచ్చి, ఆయన పార అందుకున్నాడు. మళ్ళీ కింద పెట్టలేదు. యూజెనీని పెళ్ళి చేసుకున్నాడు. పిల్లలు పుట్టలేదు. ఆవులు ఉండేవి. నల్లగా, బలిష్ఠంగా, నుదురుతో నుదురు పెట్టి పోట్లాడే మా కొండ ఆవులు. యూజెనీ పోయాక ఆ ఇంట్లో చప్పుళ్ళు రెండే మిగిలాయి. గోడ అవతల సుత్తి, గోడ ఇవతల ఆవు మెడలో గంట.

కొన్నేళ్ళుగా సుత్తి నెమ్మదిస్తూ వచ్చింది. ఒనెజిమ్ అది తన లోపమే అనుకున్నాడు. ఎక్కడో నీరు కారిపోతోంది, నా కంటికి ఆనడం లేదు అనేవాడు. కాలువ వెంట పాకుతూ చుంచులు తవ్విన బొరియలు పూడ్చాడు, పలకల సందుల్లో నాచు కుక్కాడు, కారని చోట కూడా పచ్చిక పెళ్ళలు మోపి మడమతో తొక్కాడు. అయినా పచ్చిక పలచబడింది. గడ్డి తగ్గిన ప్రతి చలికాలం ముందూ ఒక ఆవుని అమ్మేశాడు. చివరికి మిగిలింది మిరాబెల్ ఒక్కతే. ఊరికంతటికీ ఇక అదే ఆవు. మిగతావాళ్ళ కొట్టాల్లో ఇప్పుడు పట్నంవాళ్ళ మంచాలు, మంచుబూట్లు ఉన్నాయి.

ఆ వేసవి మిరాబెల్ కొండ పైపచ్చికల్లో, పైమేతలో ఉంది, పొరుగూళ్ళ మందతో, జీతానికి వచ్చిన కాపరి దగ్గర. ఇక్కడ దాని చలికాలం గడ్డి మొలవాలి. మొదటి కోత సగమే వచ్చింది. రెండో కోత వస్తే ఆవు ఉంటుంది, రాకపోతే పోతుంది. ఈ మాట ఒనెజిమ్ ఎవరితోనూ అనలేదు. అనకుండానే అందరికీ తెలుసు.

సుత్తి మధ్యాహ్నం పూట ఆగింది. మేం లుదివీన్ కాఫీ హోటల్లో సూపు తాగుతున్నాం. ఆ అమ్మాయే మా ఊరి ప్రెసిడెంటు కూడా. పొద్దున పంచాయతీ ఆఫీసు తెరుస్తుంది, మధ్యాహ్నం పొయ్యి వెలిగిస్తుంది. గిన్నెల మీద గరిటె చప్పుడు ఉన్నట్టుండి మరీ పెద్దగా వినబడింది. అందరం చెంచాలు కింద పెట్టాం.

కిటికీ బయట ఒనెజిమ్ పోతున్నాడు. భుజాన పార. కాలువ వైపు కాదు, సిప్రియాన్ ఇంటి వైపు.

"అయ్యో, నాన్న మీదికే పోతున్నాడు," అంది లుదివీన్. ఏప్రన్ విప్పకుండానే బయటికి పరిగెత్తింది. ఆమె వెనకాల మేమూ.

సిప్రియాన్ యూజెనీ తమ్ముడు, లుదివీన్ తండ్రి. సుత్తికి ఎగువన మొదటి తూము వాళ్ళది. ఆవుల్ని ఎప్పుడో అమ్మేసి, కొట్టాన్ని అద్దెగదులుగా మార్చి, కాలువ పైగట్టు మీద వేణ్ణీళ్ళ కొయ్యతొట్టి ఒకటి పెట్టించాడు. పట్నంవాళ్ళు అందులో మెడదాకా మునిగి, ఎదురుగా ఉన్న శిఖరాలు చూస్తూ తెల్ల వైను తాగుతారు. ఒనెజిమ్ వెళ్ళేసరికి ఆయన పొట్టి లాగుతో తొట్టి అంచులు తోముతున్నాడు.

"ఏంటి బావా, పార పట్టుకొచ్చావు? నన్ను పూడ్చిపెట్టడానికా?"

"తొట్టి నిండుగా ఉంది," అన్నాడు ఒనెజిమ్.

"ఉండదూ మరి? ఖాళీ తొట్లో ఎవడు దిగుతాడు?"

"ఎవరి నీళ్ళురా అవి?"

"కుళాయి నీళ్ళు. ఇదిగో, ప్రెసిడెంటు గారు పరిగెత్తుకుంటూ వస్తోందిగా, అడుగు. కన్నతండ్రినని కూడా చూడకుండా బిల్లు వేస్తుంది."

"మీ నాన్న కూడా ఇలాగే నవ్వేవాడు. మా వంతు రోజున మీ తూము పలక కింద గోనెపేలిక దూర్చి, పొద్దుగూకులూ నీళ్ళు లాగేవాడు."

"ఓరి నాయనో! నేను పుట్టకముందు సంగతి! ఆ ముసలాళ్ళిద్దరూ పక్కపక్క సమాధుల్లో పడుకుని ఎప్పుడో రాజీ పడిపోయారు. నీకే ఇంకా తీరిక దొరకలేదు."

"మాట మార్చకు."

"మా అక్కని మీ ఇంటికిచ్చింది ఈ తగువు తీరుతుందనే కదా!"

"మీ అక్క దేవత. తగువు నీతో."

"మామయ్యా," అంది లుదివీన్ వగరుస్తూ, "ముందు తూము చూడరాదూ? తర్వాత కొట్టుకుందురు గాని. నేను లెక్కపెడతాను."

ముగ్గురూ వంగి చూశారు. తూము పలక దించి ఉంది. పలకకీ రాతికీ మధ్య సాలెగూడు, అందులో ఎండిన ఈగలు. ఆ వేసవిలో పలకని ఎవరూ కదపలేదు. కాలువ అడుగున ఇసక ఇంకా తడిగానే ఉంది. దాని మీద నీటి అలల ముద్రలు ఉన్నాయి. నీళ్ళు లేవు.

ఒనెజిమ్ చాలాసేపు ఆ సాలెగూడునే చూశాడు. క్షమించమని అడగడం ఆయనకి రాదు. కానీ ఆయన మొహంలో ఒక వెలుగు మాత్రం వచ్చింది.

"అయితే గండే," అన్నాడు. "గండి అయితే పూడ్చొచ్చు."

బుట్టలో పచ్చిక పెళ్ళలు కోసుకుని వీపుకి తగిలించుకున్నాడు. సిప్రియాన్ లోపలికి పోయి ప్యాంటూ బూట్లూ తొడుక్కుని వచ్చి, బావ పార తన భుజాన వేసుకున్నాడు.

"నువ్వెక్కడికి?"

"ఈ వయసులో పలకల మీద ఒంటరిగా పోతావా? నువ్వు పడితే పైన మా అక్క నన్ను పట్టుకుంటుంది."

ఆ నడక గురించి మాకు సిప్రియాన్ చెప్పిందే తెలుసు. ప్రతి మలుపు దగ్గరా ఒనెజిమ్ "ఇది దాటాక ఉంటుంది" అనేవాడట. గండి ఎక్కడుంటే దానికి ఎగువన నీళ్ళు ఉండాలి. మలుపు దాటేవారు, పొడి. అడవి దాటారు, పొడి. కాలువ అడుగున గులకరాళ్ళు తెల్లబడిపోయి, గూళ్ళలోంచి జారి పడ్డ గుడ్లలా ఉన్నాయట. పలకల దారి దగ్గర ఒనెజిమ్ టోపీ తీసి, వాళ్ళ నాన్న జారిన చోటు దాటాక మళ్ళీ పెట్టుకున్నాడు. అది ఎప్పుడూ చేసేదే. ఎప్పుడూ చెయ్యనిది ఏమిటంటే, అక్కడ ఆగి చెవి ఒగ్గాడు. కాలువలో నీళ్ళు లేకపోతే అగాధం ఎంత లోతో వినబడుతుందట.

ఒక బండ మీద కూర్చుని రై రొట్టె, ఎండు మాంసం తిన్నారు.

"నీ బుట్టలో పచ్చిక వాడిపోతోంది బావా. కాస్త నీళ్ళు చల్లు," అన్నాడు సిప్రియాన్.

"ఏవీ నీళ్ళు?" అన్నాడు ఒనెజిమ్.

అది వేళాకోళమో కాదో సిప్రియాన్‌కి తెలియలేదు. ఇద్దరూ లేచి నడిచారు.

కాలువ మొదలు దగ్గర, మంచు నీళ్ళని మాకోసం పట్టి ఇచ్చే పెద్ద కొయ్య తలుపు ఉంది. ఒనెజిమ్ వసంతంలో ఎలా తెరిచాడో అలాగే తెరిచి ఉంది. దాని ముందర ఉండవలసిన ప్రవాహం లేదు. తడి బురద, అందులో కొండమేకల గిట్టల గుర్తులు. ఒకప్పుడు గిన్నెలాంటి ఈ పల్లంలోకి నాలుక చాచుకుని ఉన్న హిమానీనదం ఇప్పుడు ఎదురు రాతి గట్టుకి అవతలికి వెళ్ళిపోయింది. ఇవతల మిగిలిన పాత మంచుమరకలే ఇన్నాళ్ళూ కరిగి మా సుత్తిని ఆడించాయి. అవి అయిపోయాయి.

అయినా నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

ఇద్దరూ చేతులతో పట్టుకుంటూ రాతి గట్టు ఎక్కారు. అవతల, మంచు కిందనుంచి ఒక నీలిబూడిద రంగు ప్రవాహం బయటికి వచ్చి, ఇటు తిరగవలసిన చోట అటు తిరిగి, పక్క లోయలోకి దూకుతోంది. దూరంగా, అడుగున, ఆనకట్ట వెనకాల సరస్సు కదలకుండా మెరుస్తోంది. ఆ సొరంగాల్లో ఒనెజిమ్ రాయి తొలిచాడు. ఆ సరస్సు మీద మా ఊరికి ఒక్క చుక్క హక్కు లేదు.

"పార ఇటివ్వు," అన్నాడట ఒనెజిమ్.

"ఎక్కడ తవ్వుతావు బావా?"

ఒనెజిమ్ గట్టు వైపు చూశాడు. ఇల్లంత బండలు, వాటి కింద కొండంత బండ. పార తీసుకోలేదు. కిందికి దిగి, బుట్టలోంచి ఒక పచ్చిక పెళ్ళ తీసి, కొయ్య తలుపు పక్కన ఎప్పుడూ కాస్త కారే మూల మోపి, మడమతో తొక్కాడు. ఇంకోటి మోపాడు, తొక్కాడు. బుట్ట ఖాళీ అయ్యేదాకా. సిప్రియాన్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాతి రోజుల్లో లుదివీన్ చెయ్యని ఫోను లేదు. ఒక మధ్యాహ్నం ఒనెజిమ్‌ని పొయ్యి పక్కన కూర్చోబెట్టి, గ్లాసులో తెల్ల వైను పోసింది.

"మామయ్యా, అడిగాను. అటు పడ్డ నీళ్ళు అటువాళ్ళవే అన్నారు."

"అటు పడలేదు. మన దగ్గర్నుంచి పారిపోయాయి."

"పారిపోయిన నీళ్ళని పట్టి తేవడానికి నా దగ్గర పోలీసుల్లేరు మామయ్యా."

"నువ్వు ప్రెసిడెంటువి కదా."

"దేనికి ప్రెసిడెంటుని? మూసేసిన కిటికీలకి, ఆగిపోయిన స్కీ రోప్‌వేకి," అంది. వెంటనే గొంతు తగ్గించింది. "గడ్డి కోసం కూడా అడిగాను. కిందివాళ్ళదీ ఎండిపోయింది. అమ్మడానికి ఎవరి దగ్గరా లేదు. ఫైరింజను పంపుదామంటే మీ పచ్చిక దాకా రోడ్డు లేదు."

"ఫైరింజను ఎందుకమ్మా, మంటలేం లేవు కదా," అన్నాడాయన. గ్లాసు ముట్టుకోకుండానే లేచాడు.

ఊళ్ళో ఎవరికి తోచింది వాళ్ళం చేశాం. మా పెరటి కుళాయిలకి రబ్బరు గొట్టాలు అతికించి లాగితే ఆ వాలు మొదట్లోనే అయిపోయాయి. ఒకావిడ తన బంగాళాదుంప మొక్కలు కోసి తెచ్చింది. అవి ఆవు తినదు, తినకూడదు కూడా. అయినా ఒనెజిమ్ కాదనలేక తీసుకుని గోడవారన పెట్టాడు. పచ్చిక ముందు లేత పసుపయింది, తర్వాత ఏ రంగూ కాకుండా పోయింది. గాలి వీస్తే గలగలమంది.

ఒక సాయంత్రం, ఎండ ఇంకా శిఖరాల మీద ఉండగానే, సుత్తి మోగింది.

టక్. టక్.

అందరం గుమ్మాల్లోకి వచ్చాం. ఒనెజిమ్ మేజోళ్ళతోనే పరిగెత్తాడు. చక్రం తిరుగుతోంది, నురగ కక్కుతూ. ఎగువన గట్టు మీద సిప్రియాన్, తొట్టి బిరడా చేత్తో పట్టుకుని, దొరికిపోయిన దొంగలా నిలబడ్డాడు. తొట్టిలోని నీళ్ళన్నీ కాలువలోకి వదిలేశాడు. ఇంకో నాలుగైదు దెబ్బలు పడ్డాయి. చక్రం తడబడింది. ఆగింది.

ఒనెజిమ్ వేళ్ళు ముంచి వాసన చూశాడు.

"లావెండరు వాసనేస్తోందిరా నీ వరద."

"పట్నంవాళ్ళకి ఇష్టం బావా."

"ఆవు తాగితే ఏమవుతుందో!"

"తెల్లారేసరికి గది అద్దెకడుగుతుంది."

ఇద్దరూ నవ్వారు. ఆ బావాబావమరుదులు కలిసి నవ్వగా చూడటం మాలో చాలామందికి అదే మొదలు. తర్వాత సిప్రియాన్ బిరడా ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

మందలు పైమేత నుంచి దిగే రోజు వచ్చింది. పూలు కట్టిన కొమ్ములతో, పెద్ద పెద్ద గంటలతో ఆవులు మా ఊరి మీదుగా నడిచి వెళ్ళాయి. వెళ్ళినవన్నీ పొరుగూళ్ళవి. మిరాబెల్ మాత్రం మంద లోంచి తనంతట తనే విడివడి, చర్చి పక్క సందులోకి తిరిగి, తన కొట్టం తలుపుకి నుదురు ఆనించింది. తలుపు మూసి ఉంది. ఎదురుగా లోయ నుంచి వచ్చిన లారీ ఉంది.

మా ఆచారంలో ఆవుని అమ్మినా గంట అమ్మరు. ఒనెజిమ్ దాని మెడ కింద చెయ్యి పెట్టి, తోలుపట్టీ విప్పుతూ, గంట నాలుకని పిడికిట్లో పట్టుకున్నాడు. చప్పుడు కాకూడదని. లారీ మనిషి మంచివాడిలాగే ఉన్నాడు.

"బాగా చూసుకుంటాం పెద్దాయనా. అక్కడ దానికి తాగినన్ని నీళ్ళు."

"దానికి కోపం ఎక్కువ. తొట్టి దగ్గర ముందు దాన్నే తాగనివ్వాలి. మిగతావి తర్వాత."

"మా దగ్గర ఆ బాధ లేదు. దేని తొట్టి దానికే."

ఒనెజిమ్ తోలుపట్టీని గంట చుట్టూ చుట్టాడు.

"అయితే దానికి తోచదు," అన్నాడు.

మెడ మీద బరువు పోయేసరికి మిరాబెల్ తల మరీ పైకి లేచింది. అలా తల ఎత్తుకునే, ఎవరిని పొడవాలో తెలియనట్టు అటూ ఇటూ చూస్తూ, పలక మీదుగా లారీ ఎక్కింది. లారీ మలుపులు తిరుగుతూ చాలాసేపు కనిపించింది. మా కొండల్లో ఏది వెళ్ళినా అంతే. త్వరగా కనుమరుగు కాదు.

ఆ తర్వాత వాన వచ్చింది. అడిగినప్పుడు రానిది, అడగడం మానేశాక వచ్చింది. పొద్దున్నే మొదలై, కొండలన్నిటినీ తుడిచేసి, అడవి నీళ్ళన్నీ కాలువలోకి తోసింది. సుత్తి మోగింది. మామూలుగా కాదు. టకటకటకటక, ఊపిరి తిప్పుకోకుండా. ఇంత వేగంగా మేమెప్పుడూ వినలేదు. మాటలు వినబడక చేతులతో సైగలు చేసుకున్నాం.

ఒనెజిమ్ బయటికి వచ్చాడు. మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, భుజాన పార. సిప్రియాన్ తన గుమ్మంలోంచి అరిచాడు.

"వదిలెయ్ బావా! తెగితే తెగనీ! ఇంకెవరికి ఆ కాలువ?"

"తెగితే ఊరి మీద పడుతుంది," అన్నాడు ఒనెజిమ్, ఆగకుండా.

వానలో నీరటి చేసే పని ఒకటుంది. అడవి దాటగానే కాలువకి పక్కన పొర్లుతూము ఉంటుంది. పలక ఎత్తితే నీళ్ళన్నీ పచ్చికల దాకా రాకుండా అక్కడి నుంచే అగాధంలోకి పోతాయి. సిప్రియాన్ గొడుగు వేసుకుని కొంత దూరం వెంట వెళ్ళాడు. గొడుగు గాలికి తిరగబడితే దాన్ని అక్కడే పారేసి, మిగతా దూరం తడుస్తూ నడిచాడట. ఉబ్బిన పలక ఒక్కడికి లేవలేదు. ఇద్దరూ కలిసి పార కింద దూర్చి ఎత్తారు. వేసవంతా ఎదురుచూసిన నీళ్ళు, బురదా ఆకులూ కలిసి, వాళ్ళ బూట్ల మధ్యనుంచి వెళ్ళి కిందికి దూకాయి. ఒనెజిమ్ పార మీద చెయ్యి ఆనించి, అవి పోతుంటే చూశాడు. పూడ్చమంటే పూడ్చగలడు, మళ్ళించమంటే మళ్ళించగలడు. ఇప్పుడు పొమ్మనడమే పని.

ఊళ్ళో మాకు సుత్తి నెమ్మదించడం వినబడింది. ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకోటి. మూడోదాని కోసం గుమ్మాల్లో నిలబడ్డాం. రాలేదు. ఈసారి ఎందుకు ఆగిందో అందరికీ తెలుసు, ఎవరూ పరిగెత్తలేదు. లుదివీన్ లోపలికి వెళ్ళి, సూపు వేడి చెయ్యడానికి పెట్టి, బల్ల మీద రెండు గిన్నెలు పెట్టింది.